జన్యువు ఉండటం వేరు, పలకడం వేరు: ట్రాన్స్‌క్రిప్షన్, జన్యు పరీక్షల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో ల్యాబ్ రిపోర్టు పెద్ద చిక్కుముడి. డాక్టరు ఒడియాలో చెబుతారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. ఇంటికెళ్ళి నాన్నకో అత్తకో తెలుగులో చెప్పాలి. చెప్పేలోపు సగం భయం, సగం అపార్థం చేరిపోతాయి. నేను 20 ఏళ్ళకి పైగా ల్యాబ్ పనిలో ఉన్నాను. గత కొన్నేళ్ళుగా జనం తెచ్చే కాగితాల మీద డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, మ్యుటేషన్, సీటీ వాల్యూ లాంటి మాటలు పెరిగాయి. పదేపదే వచ్చిన ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మందు మార్చడం, ఆపడం మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే.

ట్రాన్స్‌క్రిప్షన్ అంటే ఏమిటి? సులువుగా చెప్పండి.

పర్లాకిమిడిలో ఉంటూ పాతపట్నం వైపు కూడా పొలం ఉన్నవాళ్ళకి ఇది ఇట్టే తెలుస్తుంది. భూమి అసలు రికార్డు తహసీల్ ఆఫీసు బీరువాలోనే ఉంటుంది, బయటికి రానివ్వరు. మనకి కావలసిన పేజీకి నకలు తీసి ఇస్తారు. ఆ నకలు కూడా ఒడియాలోనే ఉంటుంది. దాన్ని ఆంధ్రా వైపు చూపించాలంటే తెలుగులోకి తర్జుమా చేయించాలి. నకలు తీయడం ఒక పని, తర్జుమా ఇంకో పని.

కణంలో జరిగేదీ అంతే. కేంద్రకం అనే బీరువాలో డీఎన్‌ఏ అనే అసలు రికార్డు ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైము అందులో ఒక్క జన్యువుకి నకలు తీస్తుంది. ఆ నకలు పేరు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. నకలు తీసే ఈ పనే ట్రాన్స్‌క్రిప్షన్. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అనులేఖనం అంటారు. ఆ నకలు కేంద్రకం బయటికి వచ్చి, రైబోజోము దగ్గర ప్రొటీనుగా తర్జుమా అవుతుంది. అది ట్రాన్స్‌లేషన్, అంటే అనువాదం. డీఎన్‌ఏ జీవితాంతం ఉంటుంది. నకలు మాత్రం కొన్ని నిమిషాల్లోనో కొన్ని గంటల్లోనో చిరిగిపోతుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, కింద చాలా జవాబులు దీని మీదే నిలబడ్డాయి.

అన్ని కణాల్లోనూ ఒకే డీఎన్‌ఏ ఉంటే కన్ను కన్నుగా, కాలేయం కాలేయంగా ఎలా ఉంటాయి?

మనిషి డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలు (ఏ, టీ, జీ, సీ అనే నాలుగే మళ్ళీమళ్ళీ), ప్రొటీన్లు చేయించే జన్యువులు దాదాపు 20,000. కాలేయ కణంలో కంటి జన్యువులు లేకపోలేదు, ఉన్నాయి. కానీ పలకవు, అంటే అక్కడ వాటికి నకలు తీయరు. ఏ కణం, ఏ వేళ, ఏ జన్యువుకి ఎన్ని నకళ్ళు తీయాలి అన్నదాన్ని నడిపే ఏర్పాటునే జన్యు నియంత్రణ అంటాం. అందులో ఎక్కువ భాగం నకలు తీసే మెట్టు దగ్గరే జరుగుతుంది.

ప్రతి జన్యువుకీ ముందు ప్రమోటర్ అనే చిన్న గుమ్మం ఉంటుంది. పాలిమరేజ్ వచ్చి నిలబడేది అక్కడే. దానికి దూరంగా, కొన్నిసార్లు లక్షల అక్షరాల దూరంలో, ఎన్‌హాన్సర్లు అనే భాగాలు ఉంటాయి. డీఎన్‌ఏ వంగి అవి గుమ్మం దగ్గరికి వస్తాయి. వీటి మీద కూర్చుని నకళ్ళు పెంచే, తగ్గించే ప్రొటీన్లని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. ఇవి కాక, డీఎన్‌ఏని గట్టిగా చుట్టచుట్టి మూసేస్తే నకలు తీసే గుమాస్తా, అంటే పాలిమరేజ్, లోపలికే వెళ్ళలేడు. డీఎన్‌ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు వేసి ‘ఈ పేజీ తెరవొద్దు’ అని చెప్పే పద్ధతీ ఉంది.

జన్యువుకి ఆన్, ఆఫ్ ఉంటాయని స్పష్టంగా చూపించినవాళ్ళు ఫ్రాన్సులో జాకబ్, మోనో. పేగులో ఉండే ఒక బ్యాక్టీరియా, పాల చక్కెర దొరికినప్పుడే దాన్ని అరిగించే ఎంజైముకి నకలు తీస్తుందని 1961లో వివరించారు. 1965లో నోబెల్ వచ్చింది.

నకలు తీయడం క్షణంలో అయిపోతుందని అనుకోకండి. కండరాలకి కావలసిన డిస్ట్రోఫిన్ జన్యువు 20 లక్షల అక్షరాలకి పైగా పొడవు. దాని ఒక్క నకలు పూర్తవడానికి సుమారు 16 గంటలు పడుతుంది.

పెద్దయ్యాక పాలు తాగితే నాకు పొట్ట ఉబ్బరం. ఇది కూడా జన్యువేనా?

అవును. చిన్నప్పుడు లాక్టేజ్ జన్యువు బాగా పలుకుతుంది. ప్రపంచంలో చాలామందికి పెద్దయ్యాక ఆ పలుకు తగ్గుతుంది. జన్యువు చెడిపోలేదు, స్విచ్ తగ్గిందంతే. కొందరికి ఆ జన్యువు ముందున్న ఎన్‌హాన్సర్‌లో ఒక్క అక్షరం మారి, పెద్దయ్యాకా ఆన్‌లోనే ఉంటుంది. ఆ మార్పు మన దేశంలో వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికి తూర్పుకి వచ్చేకొద్దీ తక్కువ. పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. తోడుపెట్టినప్పుడు పాల చక్కెర కొంత తగ్గిపోతుంది కాబట్టి.

మా బాబుకి పుట్టినప్పుడు ఏమీ లేదు. ఆరో నెల దాటాక చేతులు, పాదాలు వాచి ఒకటే ఏడుపు. సికిల్ సెల్ అన్నారు. జబ్బు మధ్యలో ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి తల్లీ ఒక తప్పు మోస్తూ వస్తుంది. ‘నేను ఏదో పెట్టకూడనిది పెట్టానేమో’ అని. లేదమ్మా. జబ్బు కడుపులో పడ్డప్పటి నుంచీ ఉంది. అప్పటికి ఆ జన్యువు గట్టిగా పలకడం మొదలవలేదు, అంతే.

హీమోగ్లోబిన్‌కి రెండు రకాల గొలుసులు కావాలి. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఆల్ఫా, గామా గొలుసులతో పిండ హీమోగ్లోబిన్ తయారుచేసుకుంటుంది. పుట్టేనాటికి బిడ్డ రక్తంలో ఎక్కువ భాగం ఇదే. ఆ తర్వాత నెలల్లో గామా జన్యువు నోరు మూస్తుంది, బీటా జన్యువు పలకడం పెరుగుతుంది. సికిల్ లోపం ఉన్నది బీటాలో. అందులో ఒకే ఒక్క అక్షరం మారి, ప్రొటీనులో గ్లుటామిక్ ఆమ్లం అనే ఇటుక ఉండాల్సిన చోట వాలిన్ అనే ఇంకో ఇటుక చేరుతుంది. గామా పలికినంత కాలం బిడ్డకి రక్ష. గామా తగ్గి బీటా పెరిగే వేళకి, అంటే ఐదారు నెలలకి, ఎర్ర కణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. చేతులు, పాదాల వాపు చాలామంది పిల్లల్లో మొదటి గుర్తు.

పసిబిడ్డకి చేసే మామూలు సాల్యుబిలిటీ పరీక్ష ‘లేదు’ అని తప్పుగా చెప్పడానికి కూడా కారణం ఇదే. రక్తమంతా పిండ హీమోగ్లోబిన్ ఉంటే ఆ పరీక్షకి సికిల్ కనిపించదు. అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకుండా లోపమున్న జన్యువు ఒక్క ప్రతి మోస్తుంటే, ఆరు నెలలలోపు ఆ పరీక్షని నమ్ముకోవద్దు. హీమోగ్లోబిన్ రకాలని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ గానీ డీఎన్‌ఏ పరీక్ష గానీ అడగండి.

మా ఇంట్లో ఇద్దరికి అదే జబ్బు. ఒకడు నెలకోసారి ఆస్పత్రి, రెండోవాడు హాయిగా తిరుగుతున్నాడు. ఎందుకు?

గామా జన్యువు నోరు ఎంత గట్టిగా మూసుకుంది అన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఒడిశా రోగులని జమైకా రోగులతో పోలుస్తూ 1986లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇక్కడివాళ్ళలో పిండ హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉందని, ఆల్ఫా తలసీమియా (ఆల్ఫా గొలుసు తక్కువగా తయారవడం) కూడా ఎక్కువమందిలో కలిసి ఉందని అందులో తేలింది. ఇక్కడి సికిల్ జన్యువు చాలావరకు అరబ్-ఇండియన్ అనే రకం నేపథ్యంలో వస్తుంది. ఆ నేపథ్యంలో ఒక గామా జన్యువు ముందున్న ప్రమోటర్లో, నకలు మొదలయ్యే చోటుకి 158 అక్షరాల ముందు, సీ బదులు టీ ఉంటుంది. గుమ్మంలో జరిగిన ఆ చిన్న మార్పుతో గామా కాస్త ఎక్కువ పలుకుతుంది.

అంతమాత్రాన మనవాళ్ళకి జబ్బు తేలిక అనుకోవద్దు. నొప్పులతో వార్డులో మెలికలు తిరిగే పిల్లల్ని నేను చూస్తూనే ఉన్నాను. ఒకే తల్లి బిడ్డల్లో కూడా ఆల్ఫా జన్యువుల లెక్క, గామా పలుకు వేర్వేరుగా ఉండొచ్చు. జ్వరాలు, నీళ్ళు సరిగా తాగకపోవడం, చలి కూడా నొప్పిని రేపుతాయి.

సికిల్ సెల్‌కి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మాత్ర మేలు చేసే దారుల్లో పెద్దది గామాని పలికించడమే. అది పిండ హీమోగ్లోబిన్‌ని మళ్ళీ పెంచుతుంది. రోజూ వేసుకోవాలి. మధ్యమధ్యలో రక్త కణాల లెక్క చూపించుకోవాలి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ముందే డాక్టరుకి చెప్పాలి. ‘నొప్పి లేదు కదా’ అని మానేస్తే కొన్నాళ్ళకి గామా పాత స్థాయికి దిగిపోతుంది.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఒడిశా కూడా ఉంది. 40 ఏళ్ళలోపు వాళ్ళకి పరీక్ష చేయడం దాని పని. ఆశా దీదీ వచ్చి పిలిస్తే వెళ్ళండి, పెళ్ళికాని పిల్లల్ని ముందుగా తీసుకెళ్ళండి.

సికిల్ సెల్‌కి జన్యువునే సరిచేసే వైద్యం వచ్చిందట, నిజమేనా?

నిజమే, కానీ చాలామంది అనుకునేటట్టు కాదు. గామా నోరు మూసేది బీసీఎల్‌11ఏ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అని 2008లో తేలింది. రక్త మూలకణాలు బయటికి తీసి, వాటిలో బీసీఎల్‌11ఏని ఎర్ర కణాల్లో పలికించే ఎన్‌హాన్సర్‌ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరిస్తారు. సికిల్ లోపం ఉన్న అక్షరాన్ని ముట్టుకోరు. నోరు మూసేవాడి నోరే మూయిస్తారు. ఆ కణాల్ని తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తే గామా మళ్ళీ పలుకుతుంది. ఈ ఆలోచన నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది, పసితనంలో ఒంట్లో ఉన్న రక్షనే తిరిగి లేపుతున్నారు కదా.

కాస్‌జెవీ అనే ఈ వైద్యానికి 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. అనుమతి వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. పైగా ముందు పెద్ద మోతాదు కీమోథెరపీతో పాత మజ్జని ఖాళీ చేయాలి. మన ఇళ్ళకి ఇవాళ్టికి మార్గం హైడ్రాక్సీయూరియా, టీకాలు, సరిపోయే తోబుట్టువు దొరికితే మజ్జ మార్పిడి. ‘జీన్ థెరపీ చేస్తాం’ అని డబ్బు అడిగేవాళ్ళని నమ్మి పొలం అమ్ముకోవద్దు.

తలసీమియా రిపోర్టులో ‘మైనస్ 28’ అనీ, ‘ఐవీఎస్ 1-5’ అనీ రాశారు. ఏమిటవి?

చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే ఈ రెండు గుర్తులూ లోపం ఏ మెట్టు దగ్గర ఉందో చెబుతున్నాయి.

‘మైనస్ 28’ అంటే బీటా జన్యువులో నకలు మొదలయ్యే చోటుకి 28 అక్షరాల ముందు, ప్రమోటర్లో మార్పు. జన్యువులో రాసింది సరిగ్గానే ఉంది. గుమ్మం ఇరుకైంది, నకళ్ళు తక్కువ తీస్తున్నారు. అందుకే ఇలాంటి చోట కొంత బీటా గొలుసు తయారవుతూనే ఉంటుంది.

‘ఐవీఎస్ 1-5’ మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే బీటా తలసీమియా మార్పు. ఇందులో నకలు తీయడం బాగానే జరుగుతుంది. తీసిన నకలులో పనికిరాని భాగాలని కత్తిరించి మిగతాది అతికించే పని ఒకటుంటుంది, దాన్ని స్ప్లైసింగ్ అంటారు. మొదటి కత్తిరింపు భాగంలో ఐదో అక్షరం మారడంతో కత్తెర తప్పు చోట పడుతుంది. నకళ్ళలో ఎక్కువ భాగం చెత్తబుట్టకే. దేశానికి తూర్పున, ఈశాన్యాన కనిపించే హీమోగ్లోబిన్ ఈ కూడా కొంత ఇలాంటిదే. దానిలో మారిన అక్షరం ప్రొటీనునీ మారుస్తుంది, కత్తెరనీ తికమకపెడుతుంది.

క్యారియర్ పరీక్షలో హెచ్‌బీఏ2 అనే హీమోగ్లోబిన్ రకం 3.5 శాతం దాటితే బీటా తలసీమియా క్యారియరేమోనని అనుమానిస్తాం. ఒంట్లో ఇనుము బాగా తక్కువగా ఉంటే ఈ అంకె పడిపోయి క్యారియర్ దాక్కునే ప్రమాదం ఉంది. ఇటీవల రక్తం ఎక్కించుకున్నా హెచ్‌పీఎల్‌సీ తప్పుదారి పట్టిస్తుంది. సూది గుచ్చేముందే ఆ సంగతి చెప్పండి.

మేనరికం సంబంధం కుదిరింది. రక్త పరీక్ష చేయించాలా?

చేయించండి. ఒడియా ఇరుగుపొరుగు మన మేనరికాలని వింతగా చూస్తారు, మనకి అది బంధం నిలబెట్టుకోవడం. నేను మేనరికాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. లెక్క మాత్రం చెప్పాలి. మేనమామ, మేనకోడలు పెళ్ళి చేసుకుంటే, బిడ్డకి ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 8లో 1. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే 16లో 1. లోపమున్న జన్యువు ఆ ఇంట్లో తిరుగుతుంటే, రెండు వైపుల నుంచీ అదే వచ్చి చేరుతుంది.

ఇద్దరూ క్యారియర్లయితే, చుట్టాలైనా కాకపోయినా, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 4లో 1. ఒకరు సికిల్ క్యారియర్, ఇంకొకరు బీటా తలసీమియా క్యారియర్ అయినా ఇదే లెక్క. ‘మాది వేరే జబ్బు కదా’ అనుకుని ఊరుకున్న జంటలున్నాయి.

గర్భం వచ్చాక కూడా, సుమారు 11 వారాల దగ్గర, మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. అక్కడ డీఎన్‌ఏనే చూస్తారు, ఆర్‌ఎన్‌ఏని కాదు. మావి కణాలు హీమోగ్లోబిన్ చేసే కణాలు కావు, అక్కడ నకలు వెతికి లాభం లేదు. జన్యువు మాత్రం ప్రతి కణంలోనూ ఉంటుంది కాబట్టి దొరుకుతుంది.

టీబీకి సీబీ-నాట్ చేశారు. ‘ఆర్‌పీఓబీ’ అని రాసింది. మందు పనిచేయదన్నారు. రెండు గంటల్లో ఎలా చెప్పగలరు?

టీబీ మందుల్లో మూత్రాన్ని ఎర్రగా చేసేది రిఫాంపిసిన్. అది చేసే పని ట్రాన్స్‌క్రిప్షన్‌ని ఆపడం. టీబీ సూక్ష్మజీవి ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కి అతుక్కుని, నకలు రెండు మూడు అక్షరాలు దాటకుండా దారి మూసేస్తుంది. నకళ్ళు లేక సూక్ష్మజీవి చస్తుంది. మన కణాల పాలిమరేజ్ ఆకారం వేరు, దానికి అది అతుక్కోదు.

ఆ సూక్ష్మజీవి పాలిమరేజ్‌లో మందు అతుక్కునే భాగాన్ని తయారుచేయించే జన్యువే ఆర్‌పీఓబీ. అందులో 81 అక్షరాల చిన్న తునకలో మార్పులు వస్తే మందు జారిపోతుంది. రిఫాంపిసిన్ పనిచేయని టీబీల్లో సుమారు 95 శాతానికి లోపం ఆ తునకలోనే ఉంటుంది. అందుకే సీబీ-నాట్ యంత్రం మొత్తం డీఎన్‌ఏ చదవక్కర్లేదు. కళ్ళె నుంచి ఆ తునకని కోట్ల రెట్లు పెంచి, సరిగ్గా ఉందా లేదా చూస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఈ పరీక్షకి ఆమోదం ఇచ్చింది. కొన్ని కేంద్రాల్లో ఉండే ట్రూనాట్ మన దేశంలోనే, గోవాలో తయారైంది. అది ముందు టీబీ ఉందో లేదో చెబుతుంది, రిఫాంపిసిన్ సంగతి ఇంకో చిప్ మీద చూస్తారు.

అరుదుగా, ప్రొటీనుని మార్చని ఉత్తుత్తి మార్పు కూడా ‘మందు పనిచేయదు’ అనిపిస్తుంది. అనుమానం ఉంటే డాక్టరు మళ్ళీ నమూనా అడుగుతారు. విసుక్కోవద్దు.

ఐసోనియాజిడ్ అనే ఇంకో టీబీ మందు సంగతి లైన్ ప్రోబ్ అనే వేరే డీఎన్‌ఏ పరీక్షలో తెలుస్తుంది. అందులో ఒక ముచ్చట చెప్పాలి. ‘కాట్‌జీ’ మార్పు అని వస్తే మందుని చైతన్యపరిచే ఎంజైము పాడైందన్నమాట, సాధారణంగా గట్టి నిరోధకత. ‘ఇన్‌హెచ్‌ఏ ప్రమోటర్’ మార్పు అని వస్తే కథ వేరు. అక్కడ జన్యువు మారలేదు, దాని గుమ్మం మారింది. సూక్ష్మజీవి ఆ జన్యువుకి మామూలు కన్నా ఎక్కువ నకళ్ళు తీసి, మందు గురిపెట్టే ప్రొటీనునే ఎక్కువగా తయారుచేసుకుంటుంది. మందు చాలదు. ఇలాంటప్పుడు ఎక్కువ మోతాదు ఐసోనియాజిడ్ పనికొచ్చే అవకాశం ఉంది. కాబట్టి ‘ఐసోనియాజిడ్ పనిచేయదు’ అన్న ఒక్క మాటతో ఊరుకోకుండా ఏ జన్యువులో మార్పో అడగండి.

ఆరు నెలల టీబీ మందు పూర్తయింది. ఇంకా సీబీ-నాట్‌లో పాజిటివ్ వస్తోంది. జబ్బు పోలేదా?

సీబీ-నాట్ చూసేది డీఎన్‌ఏని. చచ్చిన సూక్ష్మజీవి డీఎన్‌ఏ కూడా కొన్నాళ్ళు మిగిలి ఉంటుంది. అందుకే చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి ఈ పరీక్ష వాడరు, కళ్ళె స్మియర్ (సూక్ష్మదర్శినిలో చూడటం), కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి చూడటం) వాడతారు. దగ్గు, బరువు తగ్గడం మళ్ళీ మొదలైతే మాత్రం ఆలస్యం చేయకండి.

టీబీ మందు వాడుతుంటే మా మరదలికి గర్భం నిలిచింది. రోజూ గర్భనిరోధక మాత్ర వేసుకుంటూనే ఉంది. ఎలా?

సిగ్గుపడి ఎవరూ అడగరు, అందుకే ఇది పెద్దక్షరాలతో రాయాలనిపిస్తుంది. రిఫాంపిసిన్ సూక్ష్మజీవిలో నకళ్ళు ఆపుతుంది, మన కాలేయంలో నకళ్ళు పెంచుతుంది. కాలేయ కణాల్లో పీఎక్స్‌ఆర్ అనే గ్రాహకం ఉంటుంది. అదీ ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే. రిఫాంపిసిన్ దాన్ని లేపితే, మందులని విరిచి బయటికి తోసే సీవైపీ3ఏ4 లాంటి ఎంజైముల జన్యువులు జోరుగా పలుకుతాయి. గర్భనిరోధక మాత్రలోని హార్మోను పని పూర్తిచేయకముందే విరిగిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, కొన్ని షుగరు మాత్రలు, కొన్ని హెచ్‌ఐవీ మందులు కూడా ఇలాగే బలం తగ్గుతాయి.

టీబీ మందు వాడేటప్పుడు, ఆపిన తర్వాత కూడా కొన్ని వారాలు, కండోమో కాపర్-టీయో లాంటి వేరే దారి చూసుకోవాలి. టీబీ మందు మొదలుపెట్టే రోజునే మీరు వాడే మాత్రలన్నీ సంచీలో వేసుకెళ్ళి చూపించండి.

ఆర్‌టీ-పీసీఆర్‌లో ‘ఆర్‌టీ’ అంటే ఏమిటి? సీటీ వాల్యూ 18 అంటే భయపడాలా?

ఆర్‌టీ అంటే రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్, నకలు నుంచి వెనక్కి అసలు రాయడం. కరోనా, డెంగీ వైరస్‌లకి డీఎన్‌ఏ లేదు, ఉన్నది ఆర్‌ఎన్‌ఏనే. పీసీఆర్ యంత్రానికి డీఎన్‌ఏ కావాలి. అందుకని ముందు ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మారుస్తారు. ఆ పని చేసే ఎంజైముని 1970లో టెమిన్, బాల్టిమోర్ వేర్వేరుగా కనుక్కున్నారు, 1975లో నోబెల్ అందుకున్నారు.

సీటీ అంటే డీఎన్‌ఏని ఎన్ని విడతలు రెట్టింపు చేస్తే యంత్రానికి వెలుగు కనిపించిందీ అన్న లెక్క. ఎక్కువ సరుకు ఉంటే తక్కువ విడతలు చాలు. సుమారు 3.3 విడతల తేడా అంటే పది రెట్ల తేడా. కానీ ముక్కులో పుల్ల సరిగ్గా తిప్పకపోతే కూడా సీటీ పెరుగుతుంది. రెండు ల్యాబుల సీటీలని పోల్చకూడదు. ఆ అంకెని బట్టి రోగి పరిస్థితి చెప్పకూడదు.

మా ఇంట్లో ఒకరికి హెచ్‌ఐవీ. వైరల్ లోడ్ ‘కనిపించడం లేదు’ అన్నారు. మాత్రలు ఆపొచ్చా?

ఆపకూడదు. వైరల్ లోడ్ అంటే రక్తంలో తిరిగే వైరస్ ఆర్‌ఎన్‌ఏ లెక్క. అది కనిపించకపోవడం గొప్ప సంగతి. ఆ స్థితి నిలబెట్టుకున్నవాళ్ళ నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. కానీ హెచ్‌ఐవీ తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చుకుని మన కణాల డీఎన్‌ఏలోనే చేరి కూర్చుంటుంది. కొన్ని కణాల్లో అది ఏమీ పలకకుండా, నకలు తీయించకుండా నిద్రపోతుంది. ఆర్‌ఎన్‌ఏ లేదు కాబట్టి పరీక్షకి కనిపించదు, మాత్రలకీ దొరకదు. మాత్రలు ఆపిన కొన్ని వారాల్లో లేచి పలకడం మొదలెడుతుంది.

మా నాన్నగారికి రక్త క్యాన్సర్, సీఎంఎల్. మూడు నెలలకోసారి ‘బీసీఆర్-ఏబీఎల్’ పరీక్ష ఎందుకు? ఒకసారి ఉందని తెలిసింది కదా?

సీఎంఎల్‌లో 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకుని, రెండు జన్యువులు అతుక్కుని బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుడుతుంది. ఇమాటినిబ్ మాత్ర దాని ప్రొటీనుని ఆపుతుంది. మాత్ర ఎంత బాగా పనిచేస్తోందో చూడటానికి ఆ జన్యువు నకళ్ళు రక్తంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు.

డీఎన్‌ఏని ఎందుకు చూడరంటే, క్రోమోజోములు విరిగే చోటు ఒక్కో రోగిలో ఒక్కో దగ్గర ఉంటుంది. అందరికీ సరిపోయే ఒక్క పరీక్ష తయారుచేయలేం. కానీ నకలులో పనికిరాని భాగాలు కత్తిరించేశాక, అతుకు ఒకటి రెండు చోట్లకే వచ్చి పడుతుంది. అందుకే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష.

ఫలితం శాతంలో వస్తుంది. మూడు నెలలకి 10 శాతం, ఆరు నెలలకి 1 శాతం, ఏడాదికి 0.1 శాతం లోపుకి దిగాలన్నది చూసుకునే మెట్టు. రిపోర్టు మీద ‘ఇంటర్నేషనల్ స్కేల్’ అని ఉందో లేదో చూడండి. అది లేని అంకెని ఇంకో ల్యాబు అంకెతో పోల్చి సంబరపడొద్దు, ఏడవొద్దు. వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి.

రక్తం ఇక్కడ తీసి విశాఖో భువనేశ్వరమో పంపిస్తామంటున్నారు. పాడవదా?

ఏ పరీక్షకి అన్నదాన్ని బట్టి ఉంటుంది. డీఎన్‌ఏ గట్టిది, ఒకటి రెండు రోజుల ప్రయాణం తట్టుకుంటుంది. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు. మన చర్మం మీద, చెమటలో కూడా దాన్ని కొరికే ఎంజైములున్నాయి.

నేను చూసినది చెబుతాను. రాయగడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన బీసీఆర్-ఏబీఎల్ రక్తాన్ని ఒక సేకరణ కేంద్రంలో శుక్రవారం సాయంత్రం తీశారు. శని, ఆదివారాలు అది అక్కడే ఉండిపోయింది. ఫలితం చాలా తక్కువ వచ్చింది. ఇంట్లో పండగ చేసుకున్నారు. రిపోర్టు రెండో పేజీలో చిన్నగా ఒక మాట ఉంది, పోలికకి వాడే మామూలు జన్యువు నకళ్ళు కూడా సరిపోలేదని. అంటే జబ్బు తగ్గలేదు, నమూనాలోని ఆర్‌ఎన్‌ఏ చిరిగిపోయింది. మళ్ళీ తీస్తే అసలు అంకె ఎక్కువే ఉంది. ఆ కుటుంబం ముఖం ఇప్పటికీ మరిచిపోలేను.

కాబట్టి ఆర్‌ఎన్‌ఏ పరీక్షకి సోమ, మంగళ, బుధవారాల్లో ఉదయం రక్తం ఇవ్వండి. ఏ బండికి వెళ్తుంది, ఎన్ని గంటల్లో చేరుతుంది అని అడగండి, అది మీ హక్కు. రిపోర్టులో కంట్రోల్ జన్యువు (పోలికకి వాడే ఆ మామూలు జన్యువు) లెక్క సరిపోయిందా అని డాక్టరుని అడగండి.

రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని రాశారు. ఇవి ఏ రకం పరీక్షలు?

ఈఆర్ అంటే ఈస్ట్రోజెన్ గ్రాహకం, స్వయంగా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. హార్మోను తగలగానే పెరుగుదల జన్యువులని పలికిస్తుంది. టామాక్సిఫెన్ మాత్ర రొమ్ము కణాల్లో ఆ హార్మోను చోటు ఆక్రమించి ఆ పలుకుని ఆపుతుంది. ఈఆర్ పాజిటివ్ అంటే చాలామంది భయపడతారు. నిజానికి మాత్రతో ఆపగలిగే దారి ఒకటి ఉందని అర్థం.

పీఆర్ అంటే ప్రొజెస్టెరాన్ గ్రాహకం, హెర్2 కణాన్ని పెరగమని చెప్పే ఒక ప్రొటీను. గడ్డ నుంచి తీసిన ముక్కకి రంగు వేసి చూసే పరీక్ష ప్రొటీనుని చూస్తుంది. హెర్2 సందేహంగా ఉంటే చేసే ఫిష్ పరీక్ష డీఎన్‌ఏలో ఆ జన్యువు ప్రతులు లెక్కపెడుతుంది. కీమో అవసరమా కాదా తేల్చడానికి కొందరికి చేసే 21 జన్యువుల పరీక్ష నకళ్ళని లెక్కపెడుతుంది. అది ఖరీదైనది, అందరికీ అక్కర్లేదు.

కోరాపుట్ వైపు వెళ్ళొచ్చినప్పుడల్లా మలేరియా. ఒకసారి వస్తే ఒంటికి అలవాటవదా?

మలేరియా తెచ్చే ఫాల్సిపారం పరాన్నజీవికి ‘వార్’ అనే జన్యువులు సుమారు 60 ఉంటాయి. ఒక్కో వేళ ఒక్కటే పలుకుతుంది, మిగతావి మూసి ఉంటాయి. మన రక్షణ వ్యవస్థ ఆ ముఖాన్ని గుర్తుపట్టేసరికి కొన్ని పరాన్నజీవులు ఇంకో జన్యువు పలికించి ముఖం మార్చేస్తాయి. అందుకే రోగనిరోధకత నెమ్మదిగా, అరకొరగా వస్తుంది. దోమతెర వేసుకోండి. జ్వరం వచ్చిన రోజే పరీక్ష చేయించండి.

ఎంఆర్‌ఎన్‌ఏ టీకా మన జన్యువుల్ని మార్చేస్తుందా?

లేదు. అది నకలు మాత్రమే, బీరువా దాకా వెళ్ళదు. కేంద్రకం బయటే తర్జుమా అయి కొన్ని రోజుల్లో చిరిగిపోతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి?

రిపోర్టు అన్ని పేజీలూ. చివరి పేజీలో ఏ పద్ధతిలో చేశారో ఉంటుంది, చాలామంది అదే ఇంట్లో వదిలేస్తారు. నమూనా తీసిన తేదీ, ల్యాబుకి చేరిన తేదీ రెండూ ఉన్నాయేమో చూసుకోండి. పాత రిపోర్టులు తేదీ వరసలో పెట్టుకోండి. వాడుతున్న మందుల అట్టలు తీసుకెళ్ళండి. జన్యు జబ్బయితే అమ్మవైపు, నాన్నవైపు ఎవరికి ఏముందో ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకోండి. బరంపురంలో దాన్ని చదివి డాక్టరుకి ఒడియాలో చెప్పే నర్సమ్మ వార్డులో ఒకరైనా ఉంటుంది.